రెండో తాడు

ఆ బగ్ నంబరు ఆరువందల పన్నెండు. నా సెల్ నంబరు ఠక్కున అడిగితే ఒక్క క్షణం తడుముకుంటాను గానీ ఇది మాత్రం ఎప్పుడడిగినా చెబుతాను.

వానలు అప్పుడే మొదలయ్యాయి. మా ఆఫీసు ఒక పాత గోడౌనులో మూడో అంతస్తు. ముప్పైఒక్కమందిమి కూర్చుని ఒకే ఒక్క వీడియో గేమ్ తయారుచేసేవాళ్లం. వరదలో మునిగిన ఊరు, చేతిలో చిన్న పడవ, జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించాలి. దానికి బయట ఏదో గొప్ప పేరుంది. మా ఇంట్లో మాత్రం అది ‘పడవాట’. నా పని దాన్ని పాడుచెయ్యడం. అంటే ఆడి ఆడి, ఎక్కడ విరుగుతుందో కనిపెట్టి, ఎలా విరిగిందో ఒక టికెట్ రాసిపెట్టడం. టెస్టర్ అంటారు. అలాంటివాళ్లం ఇద్దరమే: నేను, పక్క కుర్చీలో వదిన. వదిన ఎవరికీ వదిన కాదు. అందరినీ వేళాకోళం ఆడుతుంది కాబట్టి ఆ పేరు పడింది.

ఆరువందల పన్నెండు సంగతి ఇది. ఆట సేవ్ చేసి మూసేస్తాం. మర్నాడు తెరిచేసరికి ఏమీ ఉండదు. మొదటి రోజు, మొదటి నిమిషం, ఖాళీ పడవ. నలభైసార్లు ఆడితే నాకు రెండుసార్లు అలా అయింది. ఆ రెండుసార్లూ ఏం చేశానో, మిగతా ముప్పైఎనిమిదిసార్లూ ఏం చెయ్యలేదో ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అంతుచిక్కలేదు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. టికెట్ ఎవరు తెరిస్తే వాళ్లే మూయాలి. ఇంకెవరికీ, ఓనరుకి కూడా, ఆ మీట నొక్కే వీల్లేదు. మూయని టికెట్ తెర మీద ఎర్రగా ఉంటుంది, అలాంటిది ఒక్కటి మిగిలున్నా ఆట బయటికి వెళ్లదు. టెస్టర్లంటే గౌరవం ఉండాలని పెట్టిన పద్ధతి అది. నేను చేరిన రోజు ఆ మాట విని ఎంత పొంగిపోయానో.

గురువారం విడుదల. మంగళవారం పొద్దున గడియారం నా బల్ల దగ్గరికి వచ్చాడు. తేదీలన్నీ చూసే మేనేజరు ఆయన. ఎప్పుడు చూసినా ఇంకెన్ని రోజులున్నాయో చెబుతుంటాడు.

"ఆరువందల పన్నెండు ఇంకా ఎర్రగా ఉందేంటమ్మా?"

"అది నిజమైన బగ్గేనండీ. రెండుసార్లు చూశాను."

"అది మళ్లీ రావాలంటే ఏం చెయ్యాలి?"

"తెలీదు."

"నలభైలో రెండు. మా ఇంట్లో కరెంటు అంతకంటే ఎక్కువసార్లు పోతుంది."

"మీ ఇంట్లో కరెంటు పోతే మళ్లీ వస్తుంది కదండీ," అంది వదిన తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఇది పోతే రాదు."

గడియారం నవ్వి, నా బల్ల అంచు మీద కూర్చున్నాడు. "చూడమ్మా, ఇది ఎర్లీ యాక్సెస్. పూర్తయిందని మనం ఎవరికీ చెప్పట్లేదు. అమ్మే పేజీ మీద రాసే ఉంది, ఆట ఇంకా తయారవుతోంది, లోపాలుంటాయి అని. తెలిసే కొనుక్కుంటారు. వాళ్లు ఆడుతుంటే మనం సరిచేసుకుంటూ పోతాం. ఈ గురువారం దాటితే మాత్రం ఈ ఆఫీసు ఉండదు. బెదిరించట్లేదు, ఉన్న మాట."

మనిషి చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని.

"మూయకే," అంది వదిన, పెదాలు కదలకుండా.

మూసే ముందు కంప్యూటరు కారణం అడుగుతుంది. ‘సరిచేశాం’, ‘ఇది లోపం కాదు’, ‘మళ్లీ తెప్పించలేకపోయాం’. మూడోది నొక్కాను. కింద నా పేరు దానంతటదే పడింది. ఎర్ర గీత బూడిదరంగుకి మారింది. "బంగారుతల్లివి," అని గడియారం లేచి వెళ్లిపోయాడు. వదిన భోజనాల వేళదాకా నాతో మాట్లాడలేదు. తర్వాత డబ్బా మూత తీస్తూ, "సరేలే, నేనైనా అదే చేసేదాన్నేమో," అంది.

"చేసేదానివి కాదు."

"కాదు," అని ఒప్పుకుంది.

*

మా నాన్న ముప్పైఒక్క ఏళ్లు లిఫ్టులు తనిఖీ చేశాడు. బాగాలేని లిఫ్టు తలుపుకి ఎర్ర అట్ట ఒకటి వేలాడదీసేవాడు. దాని మీద ఒకటే మాట: ‘ఎక్కదగదు’. ఆ అట్ట పడ్డాక ఆరేసి అంతస్తులు మెట్లెక్కినవాళ్లు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. నేను టెస్టర్‌గా చేరినప్పుడు మా బంధువుల్లో నా ఉద్యోగం అర్థమైంది ఆయనొక్కడికే. "మనిద్దరిదీ ఒకే డిపార్ట్‌మెంటు," అని ఆ రోజు నుంచీ నన్ను ‘ఇన్‌స్పెక్టరమ్మా’ అని పిలవడం మొదలుపెట్టాడు. నేను మురిసిపోయి ఆఫీసులో కూడా ఆ పేరు చెప్పుకుని తిరిగాను.

ఆయన ఆ వానలకి రెండు నెలల ముందు రిటైరయ్యాడు. అయిన నెలకే మోకాలికి ఆపరేషన్. హాల్లో సోఫా మీద కూర్చుని, స్టూలు మీద కాలు చాపుకుని, ఫ్యాను శబ్దంలో తేడా ఉందని రోజుకి నాలుగుసార్లు చెప్పేవాడు. విడుదల రోజున మా ఓనరు అందరినీ నిలబెట్టి, ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో ఆడించండి, పేజీలో నాలుగు మంచి మాటలు రాయించండి అన్నాడు. ఓనరుకి ముప్పైనాలుగేళ్లు. అయినా పెద్దాయన అనేవాళ్లం. సరే, నాన్నకీ కాలక్షేపం అవుతుందని ఇంట్లో కంప్యూటరుకి పడవాట ఎక్కించాను.

"ఎర్లీ యాక్సెస్ అని రాసుంది. అంటే?"

"పూర్తికాకముందే అమ్మడం నాన్నా. కొన్నవాళ్లు ఆడుతుంటే, వాళ్లేమంటున్నారో చూసి మిగతాది చేస్తారు."

"నాలుగో అంతస్తు దాకా లిఫ్టు కట్టి, జనాన్ని ఎక్కించి, వాళ్ల కేకలు విని మిగతాది కట్టడం."

"అబ్బా, అలా కాదు..."

"మా క్లినిక్‌లో అలా చేస్తే?" అంది అమ్మ గొడుగు వెతుక్కుంటూ. పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు చూస్తుంది తను. "సగం పన్ను పీకి, మీ అభిప్రాయం రాసి వెళ్లండి, మిగతా సగం దాన్నిబట్టి పీకుతాం అంటాం."

వేళాకోళం చేసినాయనే వారం తిరక్కుండా ఆటకి అతుక్కుపోయాడు. అమ్మా నేనూ ఆఫీసులకి వెళ్లగానే మొదలుపెట్టి, మేం వచ్చేదాకా పడవలోనే ఉండేవాడు. ఆటలో ఒక ముసలాయన ఉంటాడు. రోజూ గొడుగు పడవలో మర్చిపోతాడు. మామూలుగా ఎవరూ పట్టించుకోరు. నాన్న ప్రతిసారీ పడవ వెనక్కి తిప్పి ఇచ్చొచ్చేవాడు.

"మీ గొడుగాయన ఇవాళ నాకు పేరు పెట్టాడోయ్ ఇన్‌స్పెక్టరమ్మా. ‘పెద్ద నావికుడు’ అట."

అలా అంటాడని నాక్కూడా తెలీదు. గొడుగు ఇరవైసార్లు తిరిగి ఇస్తేగానీ ఆ మాట రాదు. ఇరవైసార్లు ఇచ్చేంత ఓపిక ఎవరికుంటుంది?

ఒక ఆదివారం వెనక నిలబడి చూశాను. రేవుకి చేరగానే ముందు తాడు ఒక గుంజకి కట్టాడు. తర్వాత పడవ వెనక్కి నడిచి, ఇంకో తాడు ఇంకో గుంజకి కట్టాడు.

"ఒకటి చాలు నాన్నా. ఆటలో నీళ్లు పడవని లాక్కుపోవు."

"ఒకటి తెగితే?"

"తెగదు. తెగేలా మేం రాయలేదు."

"మీరు రాయలేదని తాడుకి తెలుసా?" అని రెండో ముడి సరిచూసుకుని సేవ్ చేశాడు. ఆటని మాత్రం ఎప్పుడూ మూసేవాడు కాదు, రాత్రిళ్లు తెర ఒక్కటే ఆర్పేవాడు.

*

మొదటి పదిహేను రోజులూ పేజీలో అంతా బాగానే రాశారు. తర్వాత రోజుకి ఒకరిద్దరు సేవ్ పోయిందని రాయడం మొదలైంది. వదిన నావైపు చూసేది. నేను తెర వైపు చూసేదాన్ని. గడియారం మాత్రం, "వేలమందిలో ఒకరిద్దరమ్మా," అనేవాడు.

ఒక సోమవారం పొద్దున పెద్దాయన అందరినీ హాల్లోకి పిలిచి గోడ మీద ఒక రివ్యూ వేశాడు. మూడు రోజుల్లో నాలుగువేలమంది దానికి ‘ఉపయోగపడింది’ అని నొక్కారు. మా పేజీ తెరిచిన ప్రతివాళ్లకీ మొట్టమొదట అదే కనబడుతోంది. అమ్మకాలు నిలువునా పడిపోయాయి.

రాసినవాళ్ల పేరు లేదు. పేరు పెట్టుకోకపోతే ఆ సైటు తనంతట తను ఇచ్చే నంబరు, ప్లేయర్ 48213. గడియారం పైకి చదివాడు.

"‘పరిశీలించిన సమయం, అరవైమూడు గంటలు. ప్రయాణం సాఫీగా ఉంది. నీళ్లు, వెలుతురు, మనుషుల మాటతీరు బాగున్నాయి. చేసినవాళ్లు ఇష్టపడి చేశారని తెలుస్తోంది. గురువారం రాత్రి మొదటిసారి ఆటని పూర్తిగా మూశాను. శుక్రవారం ఉదయం తెరిచేసరికి అంతవరకు చేసినదేదీ లేదు. నేను దాటించిన మనుషులు నన్ను గుర్తుపట్టలేదు. కారణం తెలియదు. కారణం తెలిసిన లోపం కన్నా తెలియని లోపం ప్రమాదం. సరిచేసేవరకు, ఎక్కదగదు.’"

నా చెవులు వేడెక్కాయి.

"ఎవడండీ వీడు, కోర్టు తీర్పులా రాశాడు!" అన్నారెవరో. అందరూ నవ్వారు. అప్పటికే ఆ మాట పేజీ అంతా పాకిపోయింది. ఆటని ఒక్క గంట కూడా ఆడనివాళ్లు కూడా కింద వరసగా ‘ఎక్కదగదు’, ‘ఎక్కదగదు’ అని రాసి వెళ్తున్నారు.

"ఇతన్ని ఎవరైనా పట్టుకోగలరా?" అన్నాడు పెద్దాయన. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "ఒక్కసారి మాట్లాడదాం. ఆ పోయినదేదో తిరిగి ఇచ్చేద్దాం."

"ఏమే, నీళ్లు నములుతున్నావ్?" అంది వదిన నా చెవిలో.

"ఏం లేదు."

సాయంత్రం తడిసి ఇంటికి వెళ్లేసరికి నాన్న పాత పేపరేదో చదువుతున్నాడు. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. మూడు రోజులుగా అలాగే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆడట్లేదేమని నేనడగలేదు.

"ప్లేయర్ నలభైఎనిమిదివేల రెండువందల పదమూడుగారూ," అన్నాను.

నాన్న కళ్లజోడు తీశాడు. "దొరికిపోయానా?"

"ముందు నాకు చెప్పొచ్చు కదా!"

"నువ్వే కదా ఆడి రాయమన్నావు."

"మంచిగా రాయమన్నాను నాన్నా."

"మంచిగానే రాశాను. నీళ్లు బాగున్నాయనలేదూ?"

అమ్మకి నవ్వొచ్చింది గానీ నా మొహం చూసి ఆపుకుంది.

"తీసెయ్యి. ఆఫీసులో అందరూ అల్లాడిపోతున్నారు."

"సరిచేశారా?"

"చూస్తున్నారు."

"సరిచేశాక నేనే తీస్తాను. ఆ అట్ట ఎవరి మీదా కోపంతో కట్టేది కాదమ్మా." పేపరు మడిచి పక్కన పెట్టాడు. "గొడుగాయన నన్ను చూసి, ‘ఎవరు బాబూ కొత్తగా వచ్చారు?’ అన్నాడు. ఆటే. తెలుసు. అయినా..." మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు. "నీ కంటపడకుండా జారిపోయి ఉంటుంది. పడుంటే నువ్వు వదిలేదానివా?"

అది ప్రశ్న కాదు. జవాబు చెప్పక్కర్లేదు. స్నానం చేసొస్తానని లోపలికి వెళ్లిపోయాను.

*

పది రోజుల తర్వాత, పొద్దున పదింటికి, అందరికీ ఒకేసారి మెయిల్ వచ్చింది. కొందరికి పదిన్నరకి హాల్లో మీటింగు, కొందరికి అదే పదిన్నరకి చిన్న గదిలో మీటింగు.

"హాలయితే మంచిదా, గదయితే మంచిదా?" అని అడుగుతూ బల్ల బల్లకీ తిరిగారు. లెక్కపెడితే హాలు ఇరవైఆరుమంది, గది ఐదుగురు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు.

హాల్లో పెద్దాయన ఒక కాగితం చూసి చదివాడు. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగాడు. మా దాకా వచ్చేసరికి కాగితం మడిచేశాడు. "టెస్టింగు విషయం... ఇప్పుడు వేలమంది ఆడుతున్నారు. లోపాలు వాళ్లే చెబుతున్నారు. కాబట్టి విడిగా టెస్టర్లు..." అని వదిలేశాడు.

"మా పని వాళ్లు చేస్తున్నారు, పైగా కొనుక్కుని మరీ చేస్తున్నారు," అంది వదిన. "మేమెందుకు, దండగ."

ఎవరూ నవ్వలేదు. వదిన జోకుకి ఎవరూ నవ్వకపోవడం నేను చూడటం అదే మొదలు.

మా బాత్రూములు ఆఫీసు గాజు తలుపుకి బయట, వరండా చివర. నేనూ వదినా మొహాలు కడుక్కుని వచ్చేసరికి కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. లోపల నా గొడుగు, వదిన టిఫిన్ డబ్బా బల్లల మీద కనిపిస్తూనే ఉన్నాయి. వెనకాలే గడియారం కూడా వచ్చి తన కార్డు పెట్టి చూశాడు. తనదీ పలకలేదు. ఆయనా హాలు మనిషే.

ముగ్గురం గాజు తలుపు ముందు నిలబడ్డాం, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు.

"గురువారం దాటితే ఆఫీసు ఉండదన్నాను," అన్నాడు గడియారం. "దాటనీలేదు. అయినా ఉండలేదు." నావైపు తిరిగాడు. "నీ తప్పేం లేదమ్మా. నేనే మూయించాను."

పెద్దమనసుతో అన్న మాట. కావాలంటే జేబులో వేసుకుని వెళ్లిపోవచ్చు. వేసుకునే వెళ్లాను. లోపలివాళ్లెవరో తలుపు తీసేదాకా ఆగకుండా, గొడుగు వదిలేసి, వానలో బస్సెక్కాను.

ఇంట్లో నాన్న ఒక్కడే ఉన్నాడు. "ఇంత తొందరగా వచ్చేశావేం?" అన్నాడు. చెప్పాను.

"ఎంతమందిని?"

"ఇరవైఆరు."

నాన్న తన మోకాలి వైపు చూసుకున్నాడు. "నేను రాసినదాని మూలానా?"

"నీ ఒక్కడి మూలాన కాదు," అన్నాను. ఆ ‘ఒక్కడి’ ఎందుకన్నానో.

నాన్న స్టూలు మీది కాలు కిందికి దించాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "ఆ లోపం నీకు కనబడనే లేదా?"

"కనబడింది. విడుదలకి ముందే చూశాను. మా మేనేజరుకి చెప్పాను కూడా. ఫరవాలేదు వదిలెయ్యమన్నాడు."

ఒక్క మాట కూడా అబద్ధం కాదు. చివర రావలసిన వాక్యం ఒకటి లేదు, అంతే. నాన్న మొహంలో ఏదో తేరుకుంది. "నాకు తెలుసు," అన్నాడు. "నీ కంటపడకుండా ఎలా పోతుంది?"

*

మూడో రోజు మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది.

"పేజీ చూశావా? ఆ తీర్పాయన కింద ఏదో అతికించాడు."

చూశాను. ‘చేర్పు: ఈ లోపాన్ని ఆ సంస్థ టెస్టర్ ముందే పట్టుకుంది. పైవాళ్లు ఆమె మాట వినకుండా విడుదల చేశారు. ఇప్పుడు ఆమెనే తీసేశారు. లోపం పట్టినవారిది తప్పు కాదు.’ కింద వందలమంది. ఆ టెస్టర్ ఎవరో గానీ జోహార్లు. అలాంటివాళ్లని తీసేసేవాళ్లు బాగుపడరు. ఆమెకి ఎవరైనా ఉద్యోగం ఇవ్వండి.

"ఎవరికి తెలుసే ఇది?" అంది వదిన.

"మా నాన్న."

"ఆ తీర్పాయన మీ నాన్నా?" తర్వాత వదిన పడీపడీ నవ్వింది. ఆ నవ్వు ఆగాక, గొంతు మార్చి అంది, "మా తమ్ముడి ఆఫీసులో అడుగుతున్నారు ఆ టెస్టర్ ఎవరని. నీ పేరు ఇచ్చాను. సోమవారం రమ్మంటారు. విను, మూసిందెవరో నీకూ నాకూ గడియారానికే తెలుసు. నేను నోరెత్తను."

"మరి నీకు ఉద్యోగం?"

"నేను మూయకే అన్నానని ఎవరూ రివ్యూలో రాయలేదు కదా."

ఫోన్ పెట్టేసి వంటగదిలోకి వెళ్లాను. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి నాన్న స్టవ్ ముందు నిలబడి ఉన్నాడు. చేతికర్ర గట్టుకి ఆనించి, టీ పెడుతున్నాడు. ఏదో పాట కూనిరాగం.

"చూశావా?" అన్నాడు. "ఆరువేలు దాటారు. అందరూ నిన్నే మెచ్చుకుంటున్నారు ఇన్‌స్పెక్టరమ్మా."

"నాన్నా, ఆ టికెట్ మూసింది నేనే."

"మూయడమంటే?"

"మా దగ్గర తెరిచినవాళ్లే మూయాలి. ఇంకెవరూ మూయడానికి లేదు. మా మేనేజరు అడిగాడంతే. నేను మూయకపోతే ఆట బయటికి వెళ్లేది కాదు."

పాలు పొంగబోతున్నాయి. నాన్న మంట తగ్గించాడు.

"ఎన్నిసార్లు చూశావు?"

"రెండు. నలభైలో."

"ఇరవైకి ఒకటి," అన్నాడు. మళ్లీ అదే మాట, ఈసారి తనలో తను. స్టవ్ కట్టేశాడు. రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి నా చేతికిచ్చి, రెండోది అక్కడే వదిలేసి కర్ర తీసుకుని హాల్లోకి నడిచాడు. కంప్యూటరు మీది గుడ్డ మడతపెట్టాడు. ఒక్కసారే మొత్తం చెరపొచ్చని ఆయనకి తెలీదు. వాక్యం చివర నుంచి ఒక్కో అక్షరం వెనక్కి కొట్టుకుంటూ వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి, ఆ మీట చప్పుడు ఆగేదాకా విన్నాను.

దాని బదులు రాసింది రెండే వాక్యాలు. ‘చేర్పు తప్పు. తీసివేశాను.’

వదిన తమ్ముడి ఆఫీసుకి నేనే రాశాను, ఆ చేర్పులో ఉన్నట్టు జరగలేదని, టికెట్ మూసింది నేనేనని. నిజాయితీకి చాలా సంతోషం అని జవాబొచ్చింది. సోమవారం మాట ఎత్తలేదు. కింద వదిన పేరు, ఫోన్ నంబరు కూడా ఇచ్చాను. వాళ్లు పిలిచారో లేదో వదిన ఇప్పటికీ చెప్పదు.

నాన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. ఏదైనా కావలసివస్తే ‘అమ్మాయ్’ అని పిలిచేవాడు. ఆ పిలుపులో తప్పేమీ లేదు. అందరి ఇళ్లలోనూ అలాగే పిలుస్తారు.

"ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ నోళ్లకి సీలు వేసుకున్నారు," అనేది అమ్మ క్లినిక్‌కి బయల్దేరుతూ. "ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఆ ఫ్రిజ్ ఒక్కటే. దానికీ ఏదో రోగం, గుర్రుమంటోంది."

*

వానలు వెనకపట్టాక, ఒక పొద్దున నాన్న మళ్లీ పడవ తీశాడు. ఎందుకు తీశాడో చెప్పలేదు. నేను సోఫాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగాలకి అర్జీలు పెడుతున్నాను. మొదటి రోజు, మొదటి నిమిషం, ఖాళీ పడవ. గొడుగాయన ఎక్కాడు, దిగాడు, గొడుగు మర్చిపోయాడు. నాన్న వెనక్కి తిప్పి ఇచ్చాడు. రేవుకి చేర్చాడు. ముందు తాడు కట్టాడు. వెనక్కి నడిచాడు.

"ఆగు," అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది.

నాకు సేవ్ పోయిన ఆ రెండుసార్లూ ఏ రోజుల్లోనో అప్పటికిగానీ తట్టలేదు. నాన్న ఆపరేషన్ వారం. మొదటిది ముందురోజు, రెండోది ఆయన్ని వార్డులోకి మార్చిన రోజు. ఒక చెవికి ఫోన్ ఆనించి, అమ్మ చెప్పేది వింటూ, చేతులతో పడవాట ఆడుతున్నాను. ఏం కడుతున్నానో చూసుకోలేదు, పరధ్యానంలో రెండు తాళ్లూ కట్టేసి ఉంటాను. మామూలుగా నేను ఒకటే కడతాను. మా ఆఫీసులో అందరూ ఒకటే కట్టేవాళ్లు. పని తొందర.

"రెండోదీ కట్టు. కట్టి సేవ్ చేసి మూసెయ్యి."

మూశాడు. తెరిచాడు. ఖాళీ పడవ.

"ఇప్పుడు ఒకటే కట్టు."

ఒకటే కట్టాడు. మూసి తెరిస్తే అన్నీ ఉన్నాయి, గొడుగాయనతో సహా.

ఇద్దరం అలాగే ఐదుసార్లు చేశాం. ఐదుసార్లూ అంతే. పడవ ఏ గుంజకి కట్టారో రాసుకోవడానికి సేవ్‌లో ఒకటే గడి పెట్టి ఉంటారు. రెండు తాళ్లు కడితే ఆ గడిలో రెండు జవాబులు పడతాయి. తెరిచేటప్పుడు ఆట కంగారుపడి, దేన్నీ నమ్మకుండా కొత్తగా మొదలెడుతుంది. నాన్నకి అదే మాటల్లో చెప్పాను.

"అంటే అజాగ్రత్తగా కట్టినవాళ్లకి ఏమీ కాదు."

"కాదు."

"జాగ్రత్తగా కట్టినవాళ్లవే పోయాయి."

"అవును."

"బాగుంది," అన్నాడు. నవ్వలేదు గానీ, నవ్వుకి దగ్గర్లోనే ఆగాడు.

పాత ఆఫీసు టికెట్లలోకి వెళ్లే దారి నాకిప్పుడు లేదు. ఆట ఆడేవాళ్లు ఫిర్యాదు పంపే పేజీ ఒకటుంది. నాన్న ఖాతాలోంచి అది తెరిచి, మెట్టు మెట్టుగా రాశాను. ముందు తాడు కట్టండి. వెనక తాడు కట్టండి. సేవ్ చేసి మూయండి. తెరవండి. ఐదుకి ఐదుసార్లు వస్తుంది. పాత నంబరు ఆరువందల పన్నెండు అని కింద రాశాను. "పరిశీలించినవారు ఇద్దరు అని కూడా వెయ్యి," అన్నాడు నాన్న. వేశాను. పంపాను.

నిమిషం కాకుండానే నాన్నకి మెయిల్ వచ్చింది. ఫిర్యాదు అందగానే దానంతటదే వెళ్లే జవాబు. నాన్న కళ్లజోడు సర్దుకుని పైకి చదివాడు.

"‘మీ ఫిర్యాదు అందింది. కంగారుపడకండి. మా ఇన్‌స్పెక్టరమ్మ స్వయంగా చూస్తుంది. సంగతి తేలేదాకా మూయదు. ఒట్టు.’"

చదవడం అయిపోయినా తెరవైపే చూస్తున్నాడు.

"ఎవరు రాశారిది?"

"నేనే. చేరిన కొత్తలో."

"ఊఁ."

బయట ఎవరో తడిసిన బట్టలు దులుపుతున్న చప్పుడు. నాన్న చేతికర్రతో పక్కనున్న కుర్చీని నావైపు జరిపాడు.

"అప్పుడు నలభైసార్లు చూశానన్నావు కదా," అన్నాడు. "ఐదే అయ్యాయి. కూర్చో."